టీ నీళ్లలో ముంచిన చొక్కా

ఈ వారం ఒక చొక్కా గురించి రాస్తున్నాను. చొక్కా మీద ఇంత పొడుగు పోస్టా అని నవ్వేవాళ్లు నవ్వండి. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఊరి నడిబజారులో నడిచినందుకు మాట పడ్డ తాత మీ ఇంట్లో ఉంటే మాత్రం చివరిదాకా చదవండి.

ఇది కాలేజీల్లో యాన్యువల్ డే సీజన్. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఎక్కడికెళ్లినా స్టేజీ మీద ఒక పుష్పరాజ్ దిగుతాడు. 2021 డిసెంబర్ 17న ‘పుష్ప’ మొదటి భాగం వచ్చింది. అప్పటి నుంచి ఇదే వరస. షార్ట్ ఫిల్ముకైనా, రీల్‌కైనా, స్కిట్‌కైనా ఆ కూలీ వేషం కావాలి. బయట అద్దెకు తెస్తే ఖర్చని పిల్లలు ఇంట్లోనే తయారు చేస్తున్నారు. పద్ధతి చాలా తేలిక. కొత్త కాటన్ చొక్కా కొంటారు. గుప్పెడు టీ పొడి మరిగించి ఆ నీళ్లలో రాత్రంతా నానేస్తారు. ఆరాక కాలరూ మోచేతులూ ఉప్పు కాగితంతో రుద్దుతారు. భుజాన కాస్త బురద పూస్తారు. సినిమావాళ్లు ఈ పనిని ‘ఏజింగ్’ అంటారు. కొత్త బట్టని పాతబట్ట చేయడం అన్నమాట.

ఆ వేషం వేయొద్దని నేను అనను. ఎర్రచందనం కొట్టే కూలీ హీరో అయ్యాడని మన వాడల్లో పిల్లలు ఎగిరి గంతేశారు. ఆ సంబరం నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. నా గొడవ వేరే. ఆ మరకల చొక్కా ఎవరికి వేషం, ఎవరికి రోజూ కట్టే బట్ట? వేషంగా వేసుకున్నవాడికి చప్పట్లు. బట్టగా కట్టుకున్నవాడికి ఏం దొరికింది? ఈ లెక్క తేలాలి.

ముందు మరక సంగతి మాట్లాడుకుందాం.

పని చొక్కా ఎట్లా పాడవుతుందో ఇంట్లో చూసినవాళ్లకి ఆ టీ చొక్కా ఒట్టి అబద్ధమని చూడగానే తెలిసిపోతుంది. టీ నీళ్లలో ముంచితే చొక్కా మొత్తం ఒకే రంగు ఎక్కుతుంది. పని చొక్కా అట్లా మారదు. బస్తా మోసే భుజం ముందు చిరుగుతుంది, రెండో భుజం బాగానే ఉంటుంది. వీపు మీద చెమట ఆరి ఉప్పు గీతలు కడుతుంది. మందు కొట్టే ట్యాంకు పట్టీలు తగిలినచోట రెండు చారలు పడతాయి. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు అరటితోటల్లో గెలలు కోసేవాళ్ల చొక్కాలు చూడండి. బోదె కోసినప్పుడు కారే రసం ముందు నీళ్లలాగే ఉంటుంది. ఆరాక గోధుమ రంగుకి తిరుగుతుంది, తర్వాత నల్లబడుతుంది. ఏ సబ్బుకీ పోదు. అందుకే ఆ పనికి ఒక జత బట్టలు విడిగా పెట్టుకుంటారు. ఆ జత చిరిగి పీలికలయ్యేదాకా ఆ మరక దాంతోనే ఉంటుంది.

ఆ అరటి రసంలోనూ ఈ టీ డికాషన్‌లోనూ మరక చేసే పదార్థం ఒకే జాతిది. కెమిస్ట్రీవాళ్లు టానిన్ అంటారు. కరక్కాయలో ఉంది, తంగేడు చెక్కలో ఉంది, తుమ్మ చెక్కలో ఉంది. ఇనుము తగిలితే నల్లబడుతుంది. టానిన్ అనే ఆ ఇంగ్లీషు మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. తోలు ఊనే పని నుంచి వచ్చింది. అంటే పచ్చితోలును కుళ్లకుండా చెప్పుకీ డప్పుకీ పనికొచ్చేట్టు చేసే పని. మాదిగోళ్ల లందలో తరతరాలుగా జరిగిన పని. తంగేడు చెక్క ఎంత వేయాలి, కరక్కాయ ఎప్పుడు వేయాలి, తోలు ఎన్నాళ్లు నానాలి అన్నది పుస్తకం లేకుండా తెలిసిన వాళ్లు మనోళ్లు. కంచ ఐలయ్య గారు 2009లో వచ్చిన తన ‘పోస్ట్ హిందూ ఇండియా’లో మాదిగల్ని శాస్త్రవేత్తలని రాసింది ఇందుకే. ఇక ఆ చొక్కా గుడ్డ సంగతికి వస్తే, ముతక నూలుబట్ట నేసి ఊరికి కట్టించిన వాళ్లలో మాలలున్నారు. గుడ్డా మనదే, మరక విద్యా మనదే. లందకు ముక్కు మూసుకున్న ఊరే ఇప్పుడు అదే విద్యకి ‘ఏజింగ్’ అని పేరు పెట్టి చప్పట్లు కొడుతోంది.

బట్ట విషయంలో ఈ దేశం మనకు చేసింది చిన్నది కాదు. మనుస్మృతి పదో అధ్యాయం తీయండి. చండాలులు కట్టాల్సింది శవాల మీద బట్టలు అని అందులో ఉంది. అదే అధ్యాయంలో కష్టకాలం వచ్చి వ్యాపారం చేయాల్సొచ్చినా బ్రాహ్మడు అమ్మకూడనివాటి జాబితా ఉంది. అందులో రంగు వేసిన బట్ట ఉంది, నీలిమందు ఉంది, లక్క ఉంది. అంటే ఎవడు ఏ బట్ట కట్టాలో, ఎవడు ఏ రంగు ముట్టుకోకూడదో రాసిపెట్టారు. పాతబట్ట మనకి ధర్మమని రాశారు. అందుకే కొత్తబట్ట మనకి తిరుగుబాటయింది.

1927 డిసెంబర్‌లో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టాక బాబాసాహెబ్ ఆడవాళ్లతో విడిగా మాట్లాడారు. కులం గుర్తుపట్టేట్టు చేసే చీరకట్టు మానేయమన్నారు. ఆ బరువు కడియాలు, ఆ నగలు తీసేయమన్నారు. వచ్చిన ఆడవాళ్లు వెంటనే చీరకట్టు మార్చేశారు. చెరువు నీళ్ల కోసం జరిగిన పోరాటంలో చీరకట్టు గురించి ఎందుకు మాట్లాడారో మన లిటరేచర్ క్లాసుల్లో ఎవరూ చెప్పరు. ఒంటి మీద బట్ట చూసి కులం పట్టే ఊళ్లో బట్ట మార్చడం నీళ్లు ముట్టడమంత పెద్ద పని.

మన దగ్గరికి వద్దాం. తెనాలిలో బాపట్ల వైపు ప్యాసింజర్ ఎక్కితే చుండూరు వస్తుంది. 1991 జులై 4న అక్కడి సినిమాహాల్లో చదువుకున్న ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో ఉన్న అగ్రకుల యువకుడికి తగిలింది. గొడవ అక్కడ మొదలైంది. తర్వాత నెల, ఆగస్టు 6న, ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో వేశారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఈ కథ మనలో చాలామందికి తెలుసు. కానీ ఒక్కటి ఆలోచించండి. తగువు పుట్టింది పొలంలో కాదు, సినిమాహాల్లో. టిక్కెట్టు కొన్న ఎవరైనా ఎక్కడైనా కూర్చునే చోట. కాలేజీకి పోతున్న, శుభ్రమైన చొక్కా ప్యాంటూ వేసుకుంటున్న, పక్కకి ఒదగని కొత్త తరం మీద కోపం అది. తెర మీద మన మురికి చొక్కాని చూడటానికి ఎవరికీ ఇబ్బంది లేదు. పక్క సీట్లో మన శుభ్రమైన చొక్కాని చూడటమే కష్టమైంది.

సినిమా వేషాల్లోనూ ఇదే లెక్క నడిచింది. మలయాళంలో తొలి సినిమా ‘విగతకుమారన్’. జె.సి. డేనియల్ తీశాడు. అందులో హీరోయిన్ పి.కె. రోజీ దళిత స్త్రీ. ఆమె నాయర్ ఆడపిల్ల వేషం కట్టింది. తిరువనంతపురంలో బొమ్మ వేసినప్పుడు హాల్లో తెర మీద రాళ్లు పడ్డాయి. ఆమె ఇల్లు తగలబెట్టారు. ఆమె ఊరొదిలి పారిపోయింది, మళ్లీ తెర మీద కనపడలేదు. పైకులం చీర కట్టి నటించినందుకు ఇది. ఇప్పుడు తిప్పి చూడండి. అల్లు అర్జున్‌ ఒంటికి నల్లరంగు పూసి, మాసిన చొక్కా తొడిగి పుష్పని చేశారు. 2023లో జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించారు. ఆయన నటన బాలేదని నేను అనడం లేదు. ఎవరైనా ఏ వేషమైనా వేయొచ్చు, నాటకం అంటేనే అది. తెనాలి లాంటి నాటకాల ఊరి పక్కన బతుకుతూ ఆ మాట కాదనలేం. కానీ ఆ హక్కు ఒకవైపే నడుస్తోంది. తెల్లటివాడు నల్లరంగు పూసుకుంటే నటుడు. పుట్టుకతో నల్లగా ఉన్నవాడు అదే పాత్రకి వెళ్తే ‘గుంపులో నిలబడు’ అంటారు.

కాలేజీలో ఏం జరుగుతుందో చెప్తాను. ఏ కాలేజీ అన్నది అనవసరం, ఇది ఏ కాలేజీలోనైనా జరిగేదే. స్కిట్‌కి పాత్రలు పంచుతున్నారు. కలెక్టర్ ఒకరు, డాక్టర్ ఒకరు, విలన్ ఒకరు. రేపల్లె వైపు నుంచి రోజూ రైల్లో వచ్చే ఒక కుర్రాడికి కూలీ పాత్ర ఇచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు. ‘నీకైతే మేకప్ ఖర్చు కూడా లేదురా’ అన్నారు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. మనం నవ్వుతాం కదా, అలవాటు.

రెండు రోజుల తర్వాత వాడు స్టాఫ్ రూముకి వచ్చాడు. ‘సార్, తెల్ల చొక్కాని నల్లగా చేయాలంటే ఎట్లాగ?’ అన్నాడు. కూలీ పాత్ర వదిలేశాడంట. అదే స్టేజీ మీద విడిగా అయిదు నిమిషాలు అడిగి తీసుకున్నాడంట. ‘కాలా’ చేస్తాడంట. చొక్కా కొనొచ్చు కదరా అంటే, కిందటేడు క్రిస్మస్‌కి వాళ్లమ్మ కుట్టించిన తెల్ల చొక్కా ఉంది, కాలరు పసుపెక్కింది, అదే నల్లగా చేసుకుంటే రెండు పనులూ అయిపోతాయన్నాడు.

‘కాలా’ ఎందుకన్నది వాడికి తెలుసు. 2018 జూన్‌లో వచ్చిన పా. రంజిత్ సినిమా. ధారావి బస్తీ కథ. భూమి లాక్కునే రాజకీయ నాయకుడు తెల్లబట్టల్లో ఉంటాడు, ఇల్లూ తెల్లగానే ఉంటుంది. బస్తీ కోసం నిలబడేవాడు నల్లబట్టల్లో ఉంటాడు. చివర్లో తెరంతా నలుపు, ఎరుపు, నీలం రంగులు చిమ్ముతాయి. శుభ్రమంటే తెలుపు, మంచి అంటే తెలుపు అని నూరిపోసిన సినిమా చరిత్రలో రంజిత్ ఆ లెక్క తిరగేశాడు. తమిళనాట ఆ నలుపు వెనక పెరియార్ ఉద్యమం 1940ల్లో తొడిగిన నల్లచొక్కా ఉంది. అంతకుముందు 2016లో ‘కబాలి’లో అదే రంజిత్ రజనీకాంత్‌కి కోటు వేసి, ఆ కోటు వెనక అంబేద్కర్ ఉన్నాడని అతని నోటే చెప్పించాడు. ఈ వేషాల్లో ఎక్కడా ఉప్పు కాగితం రుద్దాల్సిన పని లేదు. నల్లచొక్కా నల్లగా, మడత నలగకుండా ఉండాలి. అదే ఆ వేషం అర్థం.

ఇక రంగు వేయడం. అడిగినవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి పద్ధతి రాస్తున్నాను.

ముందు చొక్కా నూరు శాతం కాటనో కాదో చూడండి. పాలిస్టర్ కలిస్తే ఇంటి రంగు ఎక్కదు. ఉతికి గంజి మొత్తం పోగొట్టాలి. గంజి ఉన్నచోట రంగు పట్టదు, మచ్చలొస్తాయి. కొట్లో చిన్న ప్యాకెట్లలో దొరికే పొడి ఉప్పు వేసి మరిగించే రకం. పని అవుతుంది గానీ ప్రతి ఉతుకుకీ రంగు దిగుతూనే ఉంటుంది. నిలబడాలంటే నేతవాళ్లు నూలుకి వేసే కోల్డ్ బ్రాండ్ రంగు మేలు. చీరాల లాంటి నేత ఊళ్లలో అడగండి. పొడి చొక్కాని తూచండి, సుమారు 220 గ్రాములుంటుంది. నలుపుకి మిగతా రంగులకంటే పొడి బాగా ఎక్కువ పడుతుంది. ఈ చొక్కాకి 15 గ్రాములకి తగ్గకండి. నాలుగైదు లీటర్ల నీళ్లలో రంగు కలిపి, పావుకిలో పైనే ఉప్పు వేసి, తడి చొక్కా ముంచి అరగంట తిప్పుతూ ఉండాలి. తిప్పడం ఆపితే మడతల దగ్గర చారలు పడతాయి. తర్వాత 100 గ్రాముల సోడా వేరే గిన్నెలో కరిగించి, చొక్కా పక్కకి జరిపి పోయాలి. గుడ్డ మీద పోయకూడదు. ఇంకో గంట. ఆ సోడాయే రంగుని నూలుకి కట్టేస్తుంది. తర్వాత చన్నీళ్లు, ఆ తర్వాత వేడి సబ్బు నీళ్లు, నీళ్లు తేటపడేదాకా.

ఆ సోడాని కొట్లో ఏమని అడుగుతారో తెలుసు కదా, చాకలి సోడా అని. వస్తువు పేరులో కూడా కులం పెట్టి అమ్మే దేశం మనది. ఊరి మరకలన్నీ ఉబ్బ వేసి ఉతికినవాళ్ల పేరు ఆ పొట్లం మీద మిగిలింది, వాళ్ల కూలి మాత్రం గింజల దగ్గరే ఆగింది.

ఇంకో మూడు జాగ్రత్తలు. రంగు వేసిన గిన్నెలో మళ్లీ వండొద్దు, చేతులకి గ్లౌజులు వేసుకోండి, పొడి గాలికి లేవకుండా చూడండి. నిజాంపట్నం, రేపల్లె వైపు బోరునీళ్లు ఉప్పగా గట్టిగా ఉంటాయి, రంగు సమంగా పట్టదు, మంచినీళ్లు వాడండి. ఆఖరిది, వాడిన రంగునీళ్లు మురిక్కాలవలో కుమ్మరించొద్దు. ఎక్కువ నీళ్లు కలిపి, టాయిలెట్లో కొంచెం కొంచెంగా పోయండి. ఆ కాలవలో దిగి పూడిక తీసేవాళ్లు ఎవరో మనకి తెలుసు.

మా కుర్రాడి చొక్కా బాగానే వచ్చింది. ఒక్కటే లోటు. కుట్టిన దారం పాలిస్టర్, దానికి రంగు ఎక్కలేదు. నల్లచొక్కా మీద తెల్లకుట్లు వరసగా మిగిలాయి. సినిమాలో అట్లా లేదని వాడు మార్కర్ తీసుకుని ఒక్కో కుట్టూ నల్లగా చేయబోయాడు. సగం కాలరు చేసి విసుగొచ్చి వదిలేశాడు. స్టేజీ మీద ఆ కుట్లు ఎవరికీ కనపడలేదు. వాడు కనపడ్డాడు.

రంగు విద్య మనకి బయటినుంచి వచ్చింది అనుకోకండి. రేపల్లె పక్కన నిజాంపట్నాన్ని యూరపువాళ్లు పెట్టపోలి అని పిలిచేవాళ్లు. 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగింది ఈ తీరపు నూలుబట్టల కోసం. చిరివేరుతో వేసిన ఎరుపు ఉతికినా వెలవదని పేరు. పెడన కలంకారీలో ఇవాళ్టికీ నలుపు తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ పులియబెట్టి చేస్తారు. కరక్కాయ రసం పట్టిన గుడ్డ మీద అది అద్దగానే నల్లబడుతుంది. అరటితోటలో మన చొక్కా మీద మరక చేసేదీ ఆ టానిన్ జాతే. ఓడల్లో ఎక్కిన బట్ట చరిత్ర పుస్తకాల్లో ఉంది. వేరు తవ్విన చేతులు, గుడ్డ ఉతికిన చేతులు, నీలిమందు తొట్లో దిగిన కాళ్లు ఏ పాఠంలోనూ లేవు.

‘ఇంత ఆలోచిస్తే సరదాగా ఒక వేషం కూడా వేసుకోలేం’ అని కొందరు అంటారు. వేసుకోండి. పుష్ప వేయండి, రంగస్థలం చిట్టిబాబు వేయండి. మన పిల్లలు కూడా వేయొచ్చు. కానీ మన పిల్లలకి ఆ ఒక్క వేషమే మిగలకూడదు. మరక చొక్కా వేసుకోవడం ఇష్టమైతే వేషం, ఎంచి చేతికిస్తే కులం.

కల్చరల్ కమిటీల్లో కూర్చునే నా తోటి లెక్చరర్లకి ఒక మాట. పాత్రలు పంచిన కాగితం ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కలెక్టర్ ఎవరు, కూలీ ఎవరు, ఊడ్చేది ఎవరు, ఎవరు ఏ పేట నుంచి వస్తారు. రెండు నిమిషాల పని. కాగితం ప్రతి ఏడూ ఒకేలా ఉంటే అది పిల్లల తప్పు కాదు, సంతకం పెట్టిన మనది.

తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. ఏప్రిల్ 14 దగ్గరికొస్తోంది. పేటల్లో బాబాసాహెబ్ విగ్రహం కోటుకి నీలం రంగు కొత్తగా వేస్తాం. ఈసారి ఇంట్లో పసుపెక్కిన తెల్లచొక్కా ఒకటి తీయండి. నలుపో నీలమో, మీకు నచ్చిన రంగు మీరే ఎంచుకుని వేయండి. మొదటి ఉతుకు విడిగా ఉతకండి, లేకపోతే ఇంట్లోవాళ్ల బట్టలన్నీ ఉద్యమంలో చేరతాయి.

జై భీమ్.